లోపాకా లువావుకి వచ్చిన వెయ్యిమంది

లోపాకా కోతలు మొదలుపెడితే కోహాలా తీరంలో పడవలు కూడా చెవి ఒడ్డుకి వేసి వింటాయని ఊళ్ళో వేళాకోళం. ఆ మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద బల్ల చుట్టూ కూర్చుని చేమాకుల్లో పంది మాంసం పెట్టి పొట్లాలు కడుతున్నారు. మర్నాడు అతని మునిమనవడికి ఏడాది నిండుతుంది, లువావు విందు. పనిలో ఉన్నది నలుగురు. లోపాకా, అతని అక్క కపేకా, మనవడి భార్య ఇవలాని, ఆ పిల్ల తాత మోకె. మోకె కోన తీరం వైపు మనిషి, కొత్త చుట్టం. కొత్త చెవులు దొరికితే లోపాకా ఊరుకుంటాడా?

"బావగారూ, రేపటిదేదో లువావు అంటున్నారు గానీ, అసలు లువావంటే నా మొదటి పుట్టినరోజుది. నేను వెళ్ళిన మొదటి లువావు అదే, నాదే. ఏడాది పిల్లాణ్ణి, అయినా అంతా కళ్ళకి కట్టినట్టు గుర్తు."

"ఏడాదికే?" అన్నాడు మోకె.

"మరేమనుకున్నారు! మా అమ్మ చేమదుంప ముద్ద వేలితో నాకించబోతే, నేను వేలు వదిలేసి గిన్నె పట్టుకున్నాను. ఒక గిన్నె అయింది, రెండోది అయింది, మూడోదానికి పెద్దవాళ్ళంతా లేచి, ఆగరా నాయనా, మాక్కాస్త ఉంచమని దణ్ణం పెట్టారు. అవునా అక్కా?"

"ఊఁ" అంది కపేకా, తలెత్తకుండా.

ఆ కథకి విత్తనం వేసింది ఆవిడే. చిన్నప్పుడు వాడు "నాకూ లువావు చేశారా అక్కా?" అని అడిగితే, "చేశారురా, బోలెడుమంది వచ్చారు" అంది. అమ్మానాన్నలు జ్వరంతో పోయారని కూడా అంది. వాడు రెండోది మరిచిపోయి, మొదటిదానికి అరవై ఏళ్ళుగా నీళ్ళు పోస్తూనే ఉన్నాడు.

"ఇక పంది సంగతి. దాన్ని కాల్చడానికి గొయ్యి తవ్వాలా, పదిమంది దిగారు, చాల్లేదు, ఊరంతా దిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తవ్వి తవ్వి కింద కొండ నిప్పే తగిలింది! ఇక కట్టెలెందుకని రాళ్ళు దానిమీదే పేర్చేశారు. ఆ పొగ చూసి కొండ పేలిందనుకుని ఎదురుగా ఉన్న మావీ దీవిలో జనం పడవలెక్కి పారిపోతూ, దారి తప్పి మావైపే వచ్చి, వాసన తగిలి, ఇంకెక్కడికి పోతాంలే అని బంతిలో కూర్చున్నారు. వెయ్యిమంది బావగారూ, తగ్గించే చెప్తున్నా."

"తగ్గించారు, నిజమే. మా అమ్మమ్మని లెక్కలో వేసినట్టు లేరు," అన్నాడు మోకె. ఇవలాని పకపకా నవ్వింది.

"నవ్వమ్మా, నవ్వు. వెయ్యిమందికి చేపలెక్కడివి తాతయ్యా అని అడగవేం? సముద్రమే వెనక్కి తగ్గింది! మా నాన్న ఒడ్డున నిలబడి, పిల్లాడి పండగ, కాస్త జరుగు తల్లీ అన్నాడు, అంతే, నీళ్ళు మైలు దూరం జరిగిపోయాయి. నేలంతా చేపలు గిలగిలా కొట్టుకుంటుంటే పిల్లలు బుట్టలు పట్టుకుని..."

కపేకా చేతిలో తాడు ఆగింది. ఈ ముక్క వాడు ఇదివరకెప్పుడూ చెప్పలేదు. వాడికి ఎవరూ చెప్పిందీ కాదు.

"...అది చూసి మా అమ్మకి పట్టరాని సంతోషం! నన్ను భుజానేసుకుని ఆడింది చూడండీ, కాలు నేలకి తగిల్తే ఒట్టు. ఆడుతూ ఆడుతూ కొండెక్కేసింది. జుట్టు విడిపోయినా ఆగలేదు. ఆ జుట్టు నా మొహానికి కొట్టుకోవడం ఇప్పటికీ తెలుస్తుంది నాకు. మిగతాది మీరు నమ్మకపోయినా సరే, ఇది మాత్రం కోత కాదు."

"అన్నీ నమ్మాను బావగారూ," అన్నాడు మోకె, నవ్వు ఆపుకుంటూ. "ఒక్కటే బోధపడలేదు. రేపు మావైపు నుంచి నూట నలభైమంది దిగుతున్నారు. మీవైపు చూస్తే మీరూ, అక్కగారూ, మీ మనవడూ. ఆ వెయ్యిమందిలో ఒక్క మేనత్త లేదు, ఒక్క బాబాయి కొడుకు లేడు. వాళ్ళంతా ఏమయ్యారండీ?"

లోపాకా అక్క వైపు తిరిగాడు. "చెప్పక్కా," అన్నాడు.

"లువావు జరగలేదురా," అంది కపేకా.

ఇవలాని చేతిలో పొట్లం బల్లమీద పెట్టేసింది.

"పంది గొయ్యిలో ఉంది. పొద్దున్నే సముద్రం తగ్గింది, అది నిజం. తర్వాత కొబ్బరిచెట్లంత ఎత్తున తిరిగొచ్చింది. ఊరు ఊరంతా పోయింది. అమ్మ ఆడలేదురా. పరిగెత్తింది. పై రోడ్డు మీద నేను కనబడితే, వాడేడీ అంది. నేను మాట్లాడలేదు. నిన్ను నా చేతుల్లో పడేసి మళ్ళీ కిందికి దిగింది."

"వాడెవడు?"

"కెయావే. నీ అన్న. నాలుగేళ్ళవాడు." ఆవిడ తాడు వేలికి చుట్టుకుంటోంది. "చూసుకోమని నాకు అప్పజెప్పింది. చేపలేరుకుందాం రారా అని నేనే తీసుకెళ్ళాను. నీళ్ళ చప్పుడు వినగానే చెయ్యి వదిలేశాను."

"అక్కగారూ, వేళాకోళానికి అన్నానమ్మా..." అన్నాడు మోకె. ఎవరూ వినిపించుకోలేదు.

లోపాకా తన చేతిలోని చేమాకు మడత విప్పాడు. అన్న ఉన్నాడన్న సంగతి డెబ్భై ఏళ్ళకి తెలిసింది, తెలిసిన పూటే పోయాడనీ తెలిసింది.

"వాడికైనా చేశారా, లువావు?"

"చేశారు. అప్పుడు నాకు ఆరేళ్ళు. నేను చూసిన మొదటి లువావు అదే."

"బాగా జరిగిందా అక్కా?" చిన్నపిల్లాడి గొంతుతో అడిగాడు. ఎంత పెద్దది చెప్పినా నమ్మేట్టున్నాడు.

అబద్ధం ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"వాన పడింది. పంది లోపల పచ్చిగా ఉండిపోయింది. పాతికమంది వచ్చుంటారు, అంతే. వాడు జనాన్ని చూసి దడుచుకుని ఒకటే ఏడుపు. నేనెత్తుకుంటే ఊరుకున్నాడు."