నవ్వే మొహం

ఆ రోజు ఇంట్లో ఉన్నది అమ్మ, తొమ్మిదేళ్ల పాప, పక్క గదిలో గురక పెడుతున్న తాతయ్య. పాపకి బడన్నా, కొత్తవాళ్లన్నా భయం. అది పోగొట్టడానికి డాక్టరమ్మ ఇచ్చిన, నవ్వే మొహాన్ని వెతికే ఆట కంప్యూటర్లో ఆడి, తర్వాత తెర మీద ఆవిడతో మాట్లాడాలి. ఇన్నాళ్లూ అమ్మ పక్కనే కూర్చుని జవాబులన్నీ తనే చెప్పేసేది.

"ఇన్ని కోపం మొహాల్లో నవ్వే మొహాన్ని ఇట్టే పట్టేశావే! నాకు చిటపటలాడేవే కనిపిస్తున్నాయి."

"నువ్వు వాటినే చూస్తున్నావమ్మా. మొదట్లో నేనూ అంతే."

"బళ్లోనూ ఇలాగే వెతుకుతున్నావా?"

"ఆఁ. నిన్న పాఠం చదవమంటే ముందు అందరి మొహాలూ చూశాను. వెనక బెంచీలో ఒకమ్మాయి నవ్వింది. తననే చూస్తూ మొత్తం చదివేశాను."

"నా బంగారు తల్లే! నాకు చెప్పలేదేం?"

"ముందు డాక్టరమ్మకి చెబుదామని."

"అదిగో, ఆవిడ పిలుస్తోంది. జరుగు, నేను చెప్తాను. నువ్వు తడబడతావు."

"తడబడితే ఆవిడ ఆగుతుంది. నువ్వు గది బయటుండు."

"ఒక్కదానివేనా? పోనీ, తలుపు తీసే ఉంచుతాను."

"వద్దమ్మా, గడప దగ్గర నిలబడి జవాబులు అందిస్తావు!"

భయపడే పిల్ల తననే బయటికి పంపుతుంటే అమ్మ మొహం నవ్వుతో వెలిగిపోయింది. ఆ మొహం మీదే పాప తలుపు వేసేసింది.