పక్కోళ్ల ఇసుకలో ఆశన్న తోడేలు

“నక్క కంచె దాటొచ్చి నా మేకపిల్లను నోట కర్సుకొని పోయేటప్పుడు ఎవన్నన్న పర్మిషన్ అడిగిందా? మరి దాని ఎన్కవడ్డ నన్నెందుకు అడుగుతున్నరే?”

అరబ్బు దేశంలోని సోనాపూర్ కూలీల క్యాంపు ముందరి చాయ్ కొట్టు దగ్గర, ఆదివారం సెలవు పూట, ఆశన్న అట్లా మొదలుపెట్టాడు. మెట్‌పల్లి వైపు మనిషి. లహబాబ్ ఇసుకల్లో, వీసా ఇచ్చిన యజమాని అయిన కఫీల్‌కు మేకల ఇజ్బా, అంటే దొడ్డి, ఉంది, దానికి కాపరి. వారమంతా మేకలతో గడిపి, మనుషులతో మాట్లాడాల్సినవన్నీ మూటగట్టుకొచ్చి ఇక్కడ విప్పుతాడు. ఇవాళ మూటలో నిప్పులున్నాయి. పక్క ఇజ్బా జాగాలో అడగకుండా ఉచ్చు పెట్టాడని ఫిర్యాదు వచ్చింది. ఆ పక్క ముసలాయన బూ సాలెం తన నోటితో మాఫీ అంటే సరి, లేకపోతే వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపుతానని కఫీల్ నిన్ననే తేల్చి చెప్పాడు.

ఎదురుగా బల్ల మీద ఇద్దరున్నారు. ఒకడు భీమయ్య, ఆశన్న ఊరి పక్కవాడే, బిల్డింగులకు పరంజాలు కడతాడు. రెండోవాడు హయాత్ బాషా, రాయచోటి మనిషి, నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. ఆ రెండు ఇజ్బాలకూ నీళ్లు పోసేది బాషాయే. ఆ సంగతి ఆశన్నకు బాగా తెలుసు గానీ, ఆయన నోటికి తెలియదు. బాషా మాత్రం చాయ్ ఊదుకుంటూ కూర్చున్నాడు.

“అడగలేదంటరా నన్ను? అడిగిన. దర్జాగ అడిగిన. అడిగినోన్ని పట్టుకొని దొంగను చేసిన్రు, అదీ నా కడుపుమంట. సలామాలేకుం అని నలుగురు కూసుండే మజ్లిస్ల కాలువెట్టిన్నో లేదో, ముసలాయన లేసి నిలవడ్డడు. ఆశన్నా, నువ్వు నన్ను అడుగుడేంది, ఈ ఇసుకంత నీదే అన్నడు. పక్కన కూసోవెట్టుకొని గావా, ఆళ్ల కాఫీ, పోసిండు. ఆయన పోస్తనే ఉన్నడు, నేను తాగుతనే ఉన్న. కూజా అయిపోతే ఇంకో కూజా కాచిన్రు.”

“అరబ్బీల అన్నడా, తెలుగుల అన్నడా?” అన్నాడు భీమయ్య.

“మనసు కలిసినంక భాషతోని ఏం పనిరా.”

గావా అన్న మాట వినగానే బాషా ఒకసారి తలెత్తి చూశాడు. మళ్లీ చాయ్ ఊదుకున్నాడు.

“ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? కంచె అవుతల తీగ ఉచ్చు పెట్టిన, నక్క కోసం. పొద్దు గూకంగనే ఏదో పడ్డది. పోయి చూస్తే నక్కనా అది? తోడేలు. మేకపోతంత ఉన్నది.”

“మొన్న ఫోన్ల నక్కనే అంటివి గదనే.”

“అంత పెద్దది ఫోన్ల ఎట్ల పడుతది? ఇను. ఇంకింత దగ్గరికి పోతే ఒంటెపిల్లంతయింది. నన్ను చూసి గుంజతో సహా పీక్కొని ఉరికింది. నేనూకుంటనా, తోక దొరకవట్టుకున్న, ఉడుంపట్టు. ఇగ గుంజుకపోవుడు చూడు, దిబ్బలెక్కుకుంట, దిగుకుంట. నా చెప్పుల రాపిడికి ఇసుక కరిగి గాజయింది, కావాలంటే పోయి చూడుండ్రి, ఇప్పటికీ మెరుస్తది. హత్తా గుట్టలు దాటినం. ఒమాన్ బార్డర్ కాడ పోలీసోడు చెయ్యి అడ్డంబెట్టి బతాకా తియ్యి అన్నడు. ఒక చేత్తోని తోక ఇడువలే, ఇంకో చేత్తోని జేబులకెల్లి కార్డు తీసి చూపెట్టిన. యల్లా, పో అన్నడు.”

“తోడేలును అడగలేదా బతాకా?”

“దాన్నెందుకు అడుగుతరు?” ఆశన్న గొంతు ఒక్కసారిగా పెరిగింది. “అదే గద నేను మొత్తుకునేది. నక్కను అడగరు, తోడేలును అడగరు. ఎక్కడ పోయినా కాయితం తియ్యమనేది మనల్నే.”

ఆ మాటకు భీమయ్య కూడా నవ్వలేదు. కొట్టువాడు ఇంకో చాయ్ పోయడం మొదలుపెట్టాడు.

“సముద్రం దాంక పోయి మల్లింది. అక్కడ ఎనుక కాళ్ల మీద నిలవడితే రెండంతస్తుల బిల్డింగంతయింది. నేను దాని కండ్లల్లకు చూసి ఒక్కటే మాటన్న. నా మేకపిల్లకు జవాబు చెప్పు అన్న. గజగజ వణికి అక్కడికక్కడ పానం ఇడిసింది. అసొంటిదాన్ని సంపినోనికి శాలువ కప్పాలె. వీసా క్యాన్సిల్ చేస్తడట. కడుపునిండ గావా తాగొచ్చినోన్ని పట్టుకొని అడగకుంట పోయినవంటే ఎంత మండుతది?”

“గావా తాగితివా ఆశన్నా?” అన్నాడు బాషా.

“చెప్తున్న గద భాయ్, కూజాలకు కూజాలు.”

“అయితే నువ్వు అడగలేదప్పా.”

“అదెట్లనే?” అన్నాడు భీమయ్య.

“ఆ ముసలాయన కాడికి ఏమన్నా అడగను పోయినోడు గావా కప్పు కింద పెట్టేస్తాడు. తాగడు. ఎందుకు తాగలేదని ఆయన అడగల్ల, వీడు పని చెప్పుకోవల్ల, ఆయన సరే అన్నాక తాగల్ల. ఆ ఇసుకల్లో పసిబిడ్డకైనా తెలుసు. నువ్వు ఆ మజ్లిస్ గడప తొక్కింటే నీకూ తెలిసుండేది.”

“మాటలు కోటలు దాటుతయి, కాలు గడప దాటదు,” అని భీమయ్య తొడ చరుచుకున్నాడు. “మరి తోడేలో?”

“పొద్దున నా చేతిలో బిస్కట్లు తినింది. ఆయన సాకుకుండే వేటకుక్క, బక్కది. నీ ఉచ్చు కోసిన ముందరి కాలికి కట్టు కట్టినారు.”

భీమయ్యకు చాయ్ పొలమారింది. పక్క బల్లల వాళ్లు కూడా నవ్వుతున్నారు. బాషా నవ్వలేదు.

“కుక్క కాలు కోసం కూడా కాదు ఆయన బాధ. ‘ఆ నక్క నా మేకల్నీ తింటా ఉంది. అడిగింటే బోను నేనే ఇచ్చేవాణ్ని కదా. ఇన్నేండ్లు పక్కనుండి ఒక్క పూటన్నా నా గడపకు రాలేదు’ అన్నాడు.”

కొత్త చాయ్ వచ్చింది. ఆశన్న గ్లాసు అందుకొని నోటిదాకా తెచ్చి ఆపాడు. ఒంగి, బాషా కాళ్ల ముందు, నేల మీద పెట్టాడు. తల మాత్రం ఎత్తలేదు. భీమయ్య నవ్వు ఆగిపోయింది.

బాషా ఆ గ్లాసు వైపు చూసి అడిగాడు.

“ఎందుకు తాగలేదప్పా?”

“రేపు నీ ట్యాంకర్ల నన్ను ఆయన కాడికి తీస్కపో భాయ్. ఒక్కన్ని పోలేను.”

“తెల్లారే బయల్దేరతా, గేటు కాడ ఉండు. తోడేలు ఊసు మాత్రం ఎత్తొద్దు.” బాషా గ్లాసు తీసి ఆశన్న చేతిలో పెట్టాడు. “ఇప్పుడు తాగు.”

చాయ్ అప్పటికే చల్లారిపోయింది. ఆశన్న కడదాకా తాగాడు.