మల్లెల వాసన విస్కీ

అలా తలుపుకు అడ్డంగా నిలబడకు బావమరిదీ. ఈ స్టోరు రూముకు ఉన్నది ఆ ఒక్క తలుపే. బయట హాల్లో ఇరవైమంది కూర్చున్నారు, బారు ఓనరు మైకు పట్టుకుని నా ముక్కును పొగుడుతున్నాడు. నువ్వేమో ఆ గుడ్డ చూపించి విచారణ మొదలుపెట్టావు.

అయితే ఏమంటావు? పోయినవారం గ్లాసులన్నీ ఈ ఫినాయిల్ గుడ్డతోనే తుడిచారు, అంతేగా? నేను ఆ గ్లాసు వాసన చూసి మూడు నిమిషాలు మల్లెతోట గురించి మాట్లాడాను. మరి ఓనరు కూడా కళ్లు మూసుకుని 'మల్లెలే' అన్నాడే. ఆయన స్నేహితులూ అన్నారే.

నవ్వకు. కళ్లకు గంతలు కట్టి పదిహేడు గ్లాసులు ముందు పెడితే, ఏ పీపా ఏ చెక్కో చెప్పినవాణ్ని. ఆ చెక్క కోసినవాడు ఆ పూట చుట్ట కాల్చాడని కూడా చెప్పాను. కనుక్కుంటే నిజమే.

ఇటు చూడు. జపాన్ విస్కీ, బ్లెండు. పది పీపాల సరుకు కలిపి ఒక్క గొంతుతో పాడించారన్నమాట. యాభైఒక్క శాతం ఘాటు. నోరు కాస్త తెరిచి గ్లాసు ముక్కు దగ్గర పెట్టాలి. తరవాత రెండంటే రెండు చుక్కల నీళ్లు. ఘాటు తల వంచుతుంది, వెనక దాక్కున్న వాసనలు ఒక్కొక్కటే బయటికొస్తాయి.

ఏమొచ్చాయంటావా?

ఏమీ రాలేదోయ్.

చలికాలంలో జ్వరాన పడ్డానే, అప్పటినుంచీ ఇంతే. నాలుక మీద మంట ఒక్కటే తెలుస్తుంది. మొన్న పొయ్యి మీద పాలు మాడిపోతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. మీ అక్కేమో, 'ఇన్నాళ్లకు వంక పెట్టకుండా ఊరుకున్నారు' అని మురిసిపోయింది. దానికెలా చెప్పను? మేముండే ఆ రెండు గదుల క్వార్టరు ఓనరుదే కదా. అది ఈ ముక్కు మీదే నిలబడి ఉంది.

పోయినవారమే చెప్పేద్దామనుకున్నాను, ఒట్టు. నోరు తెరిచాను. మల్లెతోట వచ్చింది. చప్పట్లు కొట్టారు.

దా, నువ్వు వాసన చూడు. తాగమనడం లేదులే, నీ మడి నీకుంటుంది. ఊఁ? పెన్సిల్ చెక్కినట్టుందా? ఇంకా? కమలాపండు తొక్క. శభాష్, ఈ రెండింటితో అరగంట లాగిస్తాను.

మల్లెలు లేవూ? బాగా చూడు.

అసలు లేవూ?

గ్లాసులన్నీ నువ్వే కడిగావా, వేడినీళ్లతో. అంత శ్రద్ధ నిన్నెవరు చూపమన్నారయ్యా? ఆహ్వానపత్రం మీద ఏం అచ్చు వేయించాడో చదివావా? 'మల్లెల వాసన విస్కీ' అని.

అదిగో, పిలుస్తున్నాడు. వస్తున్నానండీ.

అలా గుడ్లప్పగించి చూడకు. ఆ గుడ్డ ఇలా ఇయ్యి.