దెవియెన్‌కి తెలుగు స్వరాలు

అది కాదు అక్కయ్యా, పదిహేడేళ్ళ పిల్ల మూడు రోజులుగా తలుపేసుకుని కూర్చుంటే మా ఆవిడేమో డ్యూటీకి వెళ్ళిపోయింది! ఆకలేస్తే అదే వస్తుందిలే అంది. వస్తోంది, నేను ఆఫీస్‌కి వెళ్ళాక. సాయంత్రం సింక్‌లో పెరుగన్నం గిన్నె చూసి, హమ్మయ్య, తిందిలే అనుకుంటున్నాను. ఇదీ ఒక బతుకేనా?

కూర్చోండి. కోటు ఇలా ఇవ్వండి. మా గౌరి మీ మాటైతే వింటుంది, జయంతి ఆంటీ అంటే ప్రాణం దానికి. అందుకే ఈ మంచులో జెర్సీ సిటీ దాకా డ్రైవ్ చేయించాను, ఏమనుకోకండి.

ఏం జరిగిందా? సోమవారం న్యూయార్క్‌లో మ్యూజిక్ కాలేజ్ ఆడిషన్. ఫ్లూట్. దెవియెన్ అని ఫ్రెంచాయన, రెండొందల ఏళ్ళ కిందటివాడు, ఆయన కట్టిన కాన్చెర్టో అనే పెద్ద పాట వాయించింది. నేను బయట బెంచీ మీద కూర్చుని విన్నాను. ఈ-మైనర్ అంటారు వాళ్ళు గానీ, అచ్చం మన కీరవాణి విన్నట్టుంటుంది అక్కయ్యా. లోపల ఎవరూ ఆపలేదు, ఒక్కరూ దగ్గలేదు. సీటు వచ్చేసిందనే అనుకున్నాను.

ఆ తర్వాత ఎప్పుడూ చూడని పాట రాసున్న కాగితం ఒకటి ముందు పెట్టి, ఇది చూసి వాయించు అన్నారట. వాళ్ళ పద్ధతి అది. గౌరి అలా నిలబడిపోయింది. పోనీ మొదటి లైన్ చాలమ్మా అన్నారట. అదీ రాలేదు.

రాదు అక్కయ్యా. ఇంగ్లిష్ సంగీతం రాసే ఆ గుడ్లూ తోకలూ చదవడం దానికి రాదు. న్యూయార్క్ నుంచి వస్తూ హాలండ్ టన్నెల్ దాటాక కార్‌లో ఇదంతా చెప్పింది. ఇంటికొచ్చి గదిలోకి వెళ్ళిపోయింది, అంతే.

ఎనిమిదేళ్ళుగా వాయించే పిల్లకి చదవడం ఎందుకు రాదంటారా? నేనున్నాగా! ఫ్లూట్ టీచరమ్మ వాయిస్తే క్యాసెట్‌లో రికార్డ్ చేసుకొచ్చేది. నేను నా వయొలిన్ తీసి, టేపు వెనక్కి తిప్పి తిప్పి విని, రూళ్ళ పుస్తకంలో తెలుగులో సరిగమలు రాసేవాణ్ణి. విజయనగరంలో మా మాస్టారు నాకు రాసిచ్చినట్టే. అది రెండుసార్లు పాడుకుందంటే వచ్చేసేది. స్కూల్ బ్యాండ్‌లో పక్కపిల్ల వాయించేది విని అందుకునేది. కాగితం చూడకుండా వాయిస్తుంది, ఎంత జ్ఞాపకమో అని అందరూ మెచ్చుకుంటుంటే నేను కాలరెగరేసుకుని తిరిగాను.

ఈ దెవియెన్ పాటకి మాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆయన కథ లైబ్రరీలో చదివొచ్చి దానికి చెప్పేవాణ్ణి. ఫ్లూటూ వాయించేవాడు, బసూన్ అని పెద్ద గొట్టం లాంటిది, అదీ వాయించేవాడు. ఫ్రాన్స్‌లో రాజు తల తీసేసిన ఆ గొడవల్లో కూడా, ఫ్లూట్ నేర్చుకునేవాళ్ళ కోసం కూర్చుని పుస్తకం రాశాడు. చివరికి నలభై నాలుగేళ్ళకే పారిస్ పక్కన పిచ్చాసుపత్రిలో పోయాడు. అదెందుకు చెప్పానో! నా నోరు పడిపోను.

నిన్న తలుపు దగ్గర నిలబడి, ఏదో ఒకటి మాట్లాడు తల్లీ అని బతిమాలాను. లోపల్నుంచి ఏమందో తెలుసా?

"నాన్నా, ఆ హాస్పిటల్‌లో ఆయన ఫ్లూట్ వాయించాడా?"

నేను చదివిన పుస్తకంలో అది లేదు అక్కయ్యా. మళ్ళీ తనే అంది, "నాకు బ్రెయిన్ లేదు నాన్నా. చిన్న కిడ్స్ చదువుతారు అది."

రేపు పదింటికి ఫిలడెల్ఫియాలో ఇంకో కాలేజ్ ఆడిషన్ ఉంది. టీచరమ్మ వాళ్ళకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. చదవడం మేం నేర్పుకుంటాం, ముందు పిల్లని పంపండి అన్నారట. వెళ్తే చాలు! వెళ్ళనంటోంది. బుర్రలేనిదాన్ని ఎవరూ జాలిపడి తీసుకోనక్కర్లేదట. రేపటిది తప్పిపోతే మళ్ళీ వచ్చే ఏడాది, ఎనభై నాలుగు దాకా లేదు. ఈలోగా ఇది ఫ్లూట్ ముట్టదు, దీని సంగతి నాకు తెలుసు.

మీరెళ్ళి చెప్పండి, నీకు బుర్ర లేకపోవడమేంటమ్మా అని. నేను చెప్పకపోలేదు. నువ్వు నాన్నవి, అలాగే అంటావు అంది.

ఇంకేదో దాస్తున్నానంటారా? మీ డాక్టర్లతో ఇదే చిక్కు.

దాస్తున్నాను. టీచరమ్మకి పోయినేడే అనుమానం వచ్చింది. మీ అమ్మాయి చెవితోనే పట్టుకుంటోంది, చదవడం రాకపోతే ముందుముందు కష్టం, అది నేర్పే శనివారం క్లాస్‌కి పంపండి అని నాకు ఉత్తరం రాసింది. గౌరికి చూపించలేదు. శనివారాలు గుడిలో క్లాసులున్నాయి, చదవడం ఇంట్లో నేనే నేర్పుతున్నాను అని జవాబు రాసి, సంతకం పెట్టి పంపేశాను. ఏ గుడి? ఏ క్లాసు? నిన్న ఫోన్‌లో ఆవిడే అడిగింది, మరి నేర్పలేదేం అని. నేను గౌరికి చెప్పను, మీరే చెప్పుకోండి అంది.

ఎందుకు చేశానా? పన్నెండేళ్ళొచ్చాక అది నాతో మాట్లాడ్డం మానేసింది అక్కయ్యా. ఫోనూ, ఫ్రెండ్సూ, ఆ గదీ. స్నేహితుల ముందు నా ఇంగ్లిష్ వింటే సిగ్గు దానికి. కానీ రోజూ సాయంత్రం ఒక్క గంట మాత్రం, నెక్స్ట్ లైన్ రాయవా నాన్నా అంటూ పుస్తకం పట్టుకుని నా భుజానికి ఆనుకుని కూర్చునేది. చదవడం వచ్చేస్తే ఇక నాతో దానికి పనేముంది?

దానికి బుర్ర లేక కాదు. నేనే నేర్చుకోనివ్వలేదు. ఈ ఒక్క మాట వింటే రేపు వెళ్తుంది. నన్ను మాత్రం ఇంకెప్పుడూ పక్కన కూర్చోనివ్వదు.

అలా చూడకండి అక్కయ్యా. నేనే వెళ్ళి చెప్తాను. మీరూ కాస్త నా వెనకే రండి, ఒక్కణ్ణీ ఆ తలుపు కొట్టలేను.