మమత కట్టిన నేలవేము

శుక్రవారం డ్యూటీ లేదు. ఆ ఎడారి దేశపు ఇండస్ట్రియల్ ఏరియాలో, కూలీల క్యాంప్ ఎదుట చాయ్ దుకాణం దగ్గర సెంట్రింగ్ మేస్త్రీ రాజనర్సు నోరు తెరిచాడంటే వినేవాళ్ళ చాయ్ చల్లారాల్సిందే. జలంధర్ మాత్రం ఆ పూట కోతల కోసం రాలేదు. నెల రోజులుగా అతనికి తిన్నది అరగడం లేదు. క్లినిక్‌లో ఇచ్చిన గోలీలు అయిపోయాయి. ఇద్దరిదీ ఒకే గది; రాజనర్సు పెట్టెలో అరుగుదలకు వాడే నేలవేము పొడి మూట ఉందని అతనికి తెలుసు. చిటికెడు అడుగుదామని వచ్చి, సందు దొరక్క కూర్చున్నాడు.

"నేలవేమంటే ఏమనుకున్నవ్ ఎడ్వర్డూ? మా ఇంటామె మమత ఎండబెట్టి, దంచి ఇచ్చింది. ఎయిర్‌పోర్టుల ఒకడు ఇదేందని ఆపిండు. కడుపుకు, కార్జానికి మందు సాబ్ అన్న. నమ్మలే. చిటికెడు నాలిక మీద ఏసుకున్నడు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఏడేండ్ల సంది ఆకలి లేనోడట, నలుగురి బిర్యానీ నిలవడే తిన్నడు!"

"నలుగురిదే! బాబోయ్!" అన్నాడు ఎడ్వర్డ్. రాజోలు నుంచి వచ్చిన స్టోర్‌కీపర్. ఎగదోయడం అతని పని.

"ఇను మరి. వాడు పోయి ఒక షేక్‌కు చెప్పిండు. ఆయన పందెపు ఒంటె ఆర్నెల్ల సంది మేత ముట్టలే. నేను పోయి చెంచెడు కషాయం పోసిన, గంతే. మేత తిన్నది, మేత గంప తిన్నది, గంప మోసినోని చెప్పులు తిన్నది. యల్లా, నడువ్ అన్న, ఉరికింది. పందెం అయిపోయినా ఆగదాయె. సౌదీ బార్డర్ల పాస్‌పోర్ట్ అడిగిండ్రు!"

"ఉందా అండీ?"

"కంపెనీ దగ్గర ఉండె. తిరిగి రాక ఏం జేస్తది?"

దుకాణమంతా నవ్వింది. రాజనర్సు ఇంకో మెట్టెక్కాడు. "గిన్నె కడిగిన నీళ్ళు సముద్రంల పారబోసిన. మూడొద్దులు సముద్రమే చేదయింది. చేపలు ఆకలికి ఒడ్డుకొచ్చి వలలు కొరికినయి! షేక్ నన్ను కౌగిలించుకొని, ఎంత ఫులూస్ కావాల్నో అడుగు అన్నడు. ఫులూస్ మాఫీ, పైసలొద్దు, ఒక్క ఇమానం ఇయ్యి అన్న. గాలిల ఎగిరిచ్చుకపోయి మా వాకిట్ల దించిన. మమత గిలాస పట్టుకొని నిలవడ్డది. నా ముక్కు మూసి కషాయం తాగిపిచ్చింది. తాగినంక బెల్లం ముక్క నోట్లె పెట్టింది..."

ఆ మాట దగ్గర ఆగి అతను చాయ్ గ్లాసు అందుకున్నాడు. నవ్వేవాళ్ళు కూడా ఆగారు. సందు దొరికిందనుకున్నాడు జలంధర్.

"అన్నా, మూట ముడి ఇప్పకుంటనే ఇదంతా జేసినవా? మూడేండ్ల సంది జూస్తున్న, వదినె చీరంచుతోని కట్టిన ముడి కట్టినట్టే ఉన్నది."

ఎడ్వర్డ్ పకపకా నవ్వాడు. రాజనర్సు గ్లాసు పక్కన పెట్టాడు.

"ఇప్పితే మళ్ళ అట్ల కట్టస్తదారా నాకు?" అన్నాడు. "రెండుసార్లు లీవ్ క్యాన్సిలాయె. శుక్రారం శుక్రారం ఫోన్ల అడుగుతది, తాగుతున్నవా అని. తాగుతున్ననే అంట నేను. ఇంటికి పోవాలనిపిస్తున్నదిరా, ఆగతలేదు పానం."

జలంధర్‌కు తల కొట్టేసినట్టయింది. ఇక మందు అడగకూడదనుకున్నాడు. కానీ అతని చెయ్యి కడుపు మీదే ఉంది. అది రాజనర్సు చూశాడు.

"నీకింకా తగ్గలేదారా? నడువ్."

గదిలో ముడి గోళ్ళకు లొంగలేదు. వెంట వచ్చిన ఎడ్వర్డ్ కత్తెర ఇవ్వబోతే వద్దన్నాడు. పళ్ళతో, మెల్లగా విప్పాడు. చీరంచు మడిచి జేబులో పెట్టుకున్నాడు. వేడినీళ్ళలో చెంచెడు కలిపి ఇస్తే జలంధర్ కళ్ళు మూసుకుని ఒక్క గుక్కలో తాగాడు. చేదు కడుపు దాకా దిగింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రాజనర్సు పెట్టె మూల మూలా వెతికి, చివరికి ఉత్త చేతులతో లేచాడు.

"చక్కెరే ఉన్నది తమ్మీ. బెల్లం ఇంటికాడనే ఉండిపాయె."