కృపావతక్క అందుకున్న కవరు

ఎవరు, రత్తయ్యా? నందిగామ బస్టాండ్లోనా? ఇంకా తిరుగుతూనే ఉన్నాడా మనిషి. నన్ను అడిగాడా... నువ్వేమో మొహం తిప్పుకుని వచ్చేశావా. ఎందుకురా స్టీవెన్? ఓహో, మీ నాన్న చెప్పాడనా. అవున్లే, మనింట్లో రత్తయ్య అంటే కృపావతక్క ఇల్లు కాజేసిన బ్రోకరు, అంతే. నీకప్పుడు ఎన్నేళ్ళు, పదో పదకొండో. నీకేం గుర్తుంటుందిలే. కూర్చో. ఆ కుర్చీ కాదు, దానికో కాలు ఊగుతది, ఇలా మంచమ్మీద కూర్చో. నీకు సాయంత్రం దాకా బస్సు లేదు, నాకు చచ్చేదాకా పని లేదు.

కృపావతక్క నాకు ఒక్కగానొక్క అక్క. మీ నాన్నకి మేనత్త, నీకు అమ్మమ్మ వరస. నర్సుగా చేసి రిటైరయ్యింది. ఊళ్ళన్నీ సైకిలేసుకుని తిరిగేది... సైకిలు కూడా తర్వాతే కొనుక్కుందిలే, ముందంతా నడకే. పెళ్ళి చేసుకోలా. ఎందుకు చేసుకోలేదంటే అదో పెద్ద గొడవ, అటు పోతే ఇటు రాలేం. మా అమ్మ పోయాక నందిగామలో పెంకుటిల్లు మా ఇద్దరికీ వచ్చింది. నేను ఈ చిల్లకల్లు బళ్ళో టీచరుగా వచ్చి ఇక్కడే కట్టుకున్నాగా, అక్కడ అక్క ఒక్కతే. ఒక్కతే అని పేరుకే. శుక్రవారం వచ్చిందంటే ఉపవాస ప్రార్థన, ఆ వరండాలో కాలు పెట్టే చోటుండేది కాదు. మనవాళ్ళే కాదురా, రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు కూడా బొట్లు పెట్టుకునే వచ్చి కూర్చునేవాళ్ళు. పిల్లోడికి జ్వరం తగ్గట్లేదని ఒకావిడ, మొగుడు తాగొచ్చి కొడుతున్నాడని ఒకావిడ. అక్క పేరడిగేది, కష్టం అడిగేది, తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసేది. చేసింది నర్సు ఉద్యోగం కదా, ఆమెన్ అనగానే "రేపు పొద్దున్నే పోయి రక్తపరీక్ష చేయించు" అని కూడా చెప్పేది. మేలు జరిగినవాళ్ళు పళ్ళూ, ఒక కవర్లో కానుకా తెచ్చేవాళ్ళు. ఆ కవరు అక్క విప్పేది కాదు. ఎవరెంత పెట్టారో మనకెందుకు అనేది. పైన వాళ్ళ పేరు రాసి, ఆదివారం చర్చిలో కానుకల సంచి తన దగ్గరికి రాగానే అలాగే వేసేసేది. ఎన్నేళ్ళు చూశానో నేను, ఒక్కనాడు విప్పలేదు.

ఇక బ్రోకర్ల సంగతి. రాజధాని దగ్గర్లోనే వస్తుందన్న రోజులవి. నందిగామలో ఎవణ్ణి కదిపినా బ్రోకరే. ఎరువుల కొట్టువాడు బ్రోకరే, ఇన్సూరెన్స్ కట్టించుకునేవాడు బ్రోకరే, ఇక్కడ మా స్కూల్లో డ్రిల్లు మాస్టారు కూడా సెలవు పెట్టి పార్టీలని కార్లో తిప్పేవాడు. పేపర్లో రేట్లు చూసి నాకూ తిక్క పుట్టిందిలే. కంచికచర్ల దగ్గరొక వెంచర్లో ప్లాటుకి అడ్వాన్సు కట్టి కూర్చున్నా. మిగతా డబ్బులకి గడువు పెట్టారు. నా దగ్గరెక్కడివి? పెంకుటిల్లు అమ్మితే నా సగం నాకొస్తుందని లెక్కేసుకున్నా. అక్కని అడిగితే ఏమంటుందో తెలుసు. అమ్మ పోయిన ఏడే అంది, "నేను పోయాక నీ ఇష్టం తమ్ముడూ, ఉన్నన్నాళ్ళూ ఈ వరండా ఉండనీ" అని. అందుకని అడగలా. తిన్నగా రత్తయ్య దగ్గరికెళ్ళా. అంతకుముందు ఎస్టీడీ బూతు నడిపేవాడు, సెల్‌ఫోన్లొచ్చి అది మూతపడ్డాక ఇందులోకి దిగాడు. "ముందు పార్టీలకి చూపించు, అక్కతో నేను మాట్లాడతా" అన్నా. మాట్లాడేశాననుకున్నాడు వాడు. నేనేమో రేపు మాట్లాడదాం, ఎల్లుండి మాట్లాడదాం అనుకుంటూ పోయా.

అక్కడ జరిగింది వింటే నవ్వుతావు. అప్పట్లో నేనూ నవ్వుకున్నా, నవ్వుకున్నందుకు ఇప్పుడు సిగ్గేస్తుంది. రత్తయ్య పార్టీలని తీసుకుపోయేవాడు. ఇంటికి కొత్తవాళ్ళొస్తే అక్కకి తెలిసింది ఒక్కటే, ప్రార్థనకొచ్చారని. కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, "ఏం కష్టం నాయనా?" అని అడిగేది. వాళ్ళు "కష్టమేం లేదమ్మా, నీళ్ళు బాగా పడతాయా?" అనేవాళ్ళు. పాపం చెప్పుకోలేక నీళ్ళ మాట ఎత్తుతున్నారనుకుని అక్క కళ్ళు మూసుకునేది. రత్తయ్యకి ఇదంతా ముసలావిడ మనుషుల్ని బేరీజు వేసుకుంటున్నట్టు కనిపించింది. మంచి చెడ్డా చూసి మంచివాళ్ళకే ఇస్తుంది కాబోలు అనుకుని, పార్టీలకి ముందే చెప్పి తెచ్చేవాడంట, ఆవిడ ప్రార్థన చేస్తే కదలకుండా కూర్చోండి అని. అక్కేమో నాకు ఫోన్ చేసి, ఆ రత్తయ్య ఎంత మంచోడో, ఎంతమందిని ప్రభువు దగ్గరికి తెస్తున్నాడో అని మురిసిపోయేది. శుక్రవారం శుక్రవారం వాడి పేరు పెట్టి ప్రార్థన చేయించేది. నేను ఊఁ కొట్టేవాణ్ణి.

అలా వచ్చిందే ప్రమీలారాణి గారు. జగ్గయ్యపేటలో సున్నపురాయి లారీలున్నాయి వాళ్ళకి. పొలాలు కూడా బాగానే ఉన్నాయిలే. రోడ్డు పక్క స్థలం, షాపులు కట్టిద్దామని చూడటానికొచ్చింది. అందరినీ అడిగినట్టే కష్టమేంటమ్మా అని అడిగేసరికి, ఆవిడకి నిజంగానే కష్టముంది. కూతురు నాగశ్రీకి రెండుసార్లు కడుపు పోయింది. స్థలం సంగతి పక్కన పెట్టి ఆవిడ ఏడ్చింది. అక్క చాలాసేపు ప్రార్థన చేసి, విజయవాడలో ఏ డాక్టరమ్మకి చూపించాలో కూడా కాగితం మీద రాసిచ్చిందంట. నెల తిరిగాక ఆ పిల్లకి మళ్ళీ నిలిచింది. ఇంక ప్రమీలారాణి గారికి ఆ ఇల్లు తప్ప వేరే ఇల్లు వద్దు. నాతో రేటు మాట్లాడించాడు రత్తయ్య. మంచిరోజు చూసుకుని గురువారం పూట వచ్చారు, ఆవిడా, భర్తా, ఇద్దరు పెద్దమనుషులూ. మనూళ్ళల్లో బయానా అంటే నీకు తెలుసుగా. పళ్ళెంలో పళ్ళూ, ఆకూ వక్కా, మధ్యలో కవరు. అమ్మేవాళ్ళు అది చేత్తో అందుకున్నారంటే మాట ఇచ్చినట్టే. కాగితం తర్వాత సంగతి. అక్క పళ్ళెం చూసింది, ప్రమీలారాణి గారి మొహం చూసింది. కూతురి సంగతి తెలిసి చాలా సంతోషించింది. కవరు రెండు చేతులా అందుకుని పైకెత్తి, వాళ్ళందర్నీ నిలబెట్టి స్తోత్రం చెప్పింది. పెద్దమనుషులు కూడా దణ్ణం పెట్టుకున్నారు.

ఆదివారం చర్చిలో కానుకలు లెక్కపెట్టి పాస్టరు గారు చదివారు, ప్రమీలారాణి గారి కృతజ్ఞత కానుక ఇరవై అయిదు వేలు అని. అప్పుడు వెయ్యినోట్లుండేవిగా, కవరు పల్చగానే ఉందంట. ఇంత ఎందుకిచ్చింది, వెళ్ళి అడగాలి అని అక్క నాకు ఫోన్ చేసింది. నేను సిగ్నల్ లేదన్నా. బుధవారం రత్తయ్య అగ్రిమెంటు కాగితాలు పట్టుకుని వెళ్ళాడు. ఇంక చూసుకో. అక్క అమ్మనంటుంది, వాడు బయానా తీసుకున్నారుగా అంటాడు. అది దేవుడికిచ్చిన కానుక అంటుంది, కాదమ్మా ఇంటికిచ్చింది అంటాడు. ప్రమీలారాణి గారు అప్పటికే మేస్త్రీకి కూడా చెప్పేసింది. రెండురోజులు వీధి వీధంతా ఇదే మాట. మూడోరోజు అక్క సంతకం పెట్టేసింది. అంత కాదన్న మనిషి ఎందుకు పెట్టిందో ఎవరికీ అర్థం కాలా. చేత్తో అందుకుని కాదంటే ప్రార్థన చేసే మనిషికి అబద్ధమవుతుందని పెట్టిందన్నారు. రత్తయ్య మాయ చేశాడన్నారు. మీ నాన్న వాడి మీద కేసు పెడతానని ఊగిపోయాడు, నేనే ఆపా.

తర్వాత ఇక్కడికి తీసుకొచ్చా. ఈ గదే. తన వాటా డబ్బులు బ్యాంకులో వేస్తే పాస్‌బుక్కు తెరిచి చూసుకున్న పాపాన పోలేదు. మొదటి రెండు శుక్రవారాలు నందిగామ నుంచి నలుగురైదుగురు వచ్చారు. తర్వాత ఒకావిడే వచ్చింది. తర్వాత ఎవరూ రాలా. హైవే దాటుకుని అంత దూరం ఎవరొస్తారు చెప్పు. అక్క శుక్రవారం పొద్దున్నే స్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, ఏమీ తినకుండా గుమ్మంలో కూర్చునేది. సాయంత్రానికి లేచి లోపలికి వెళ్ళిపోయేది. నాకు చూడటం కష్టమైపోయి శుక్రవారాలు జగ్గయ్యపేటకి పోయి అక్కడ తిరిగొచ్చేవాణ్ణి. నాగశ్రీకి మగపిల్లాడు పుడితే ప్రమీలారాణి గారు కారేసుకుని వచ్చి పిల్లాణ్ణి అక్క ఒళ్ళో పడుకోబెట్టింది. ఎంతసేపో ప్రార్థన చేసింది వాడికి. ఒక్కమాట కూడా అనలేదు ఆవిణ్ణి. అప్పటికి అక్కడ పెంకులు దించేశారు, గోడలు పడగొట్టేశారు. పదకొండు నెలలు బతికింది ఇక్కడ. జబ్బేం లేదు. నా వెంచరు సంగతి అడక్కు, కంపచెట్లు మొలిచినయ్.

మాయ చెయ్యలేదురా రత్తయ్య. పదేళ్ళ నుంచి అందరూ అంటుంటే వింటూ కూర్చున్నా. ఆ గురువారం ఆ వరండాలో నేనూ ఉన్నా. అక్క కవరు వెంటనే అందుకోలేదు. ఇంతమంది మగవాళ్ళు రావడం చూసి అనుమానం వచ్చింది దానికి. నావైపు తిరిగి, "ఏంట్రా తమ్ముడూ ఇదంతా?" అంది. నేను లేచి దగ్గరికెళ్ళి మెల్లిగా, "కూతురికి కడుపు నిలిచిందంటక్కా, కానుక తెచ్చారు, తీసుకో" అన్నా. నేనే అన్నా. నేను చెప్పానని తీసుకుంది.

మూడోరోజు ఇంట్లో మేం ముగ్గురమే ఉన్నప్పుడు, గొడవ ఇంక పడలేక రత్తయ్య అనేశాడు, "అడగండమ్మా, మీ తమ్ముడుగారే కదా తీసుకోమన్నది, ముందు నుంచీ బేరమంతా ఆయనదే" అని. అక్క నన్ను చూసింది. నేను తలెత్తలా. ఏమీ అడగలేదురా నన్ను. "సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు నాయనా" అంది వాడితో. కళ్ళజోడు అడిగి తెప్పించుకుని పెట్టింది. అక్క సమాధి దగ్గర రత్తయ్య చెప్పాడు నాకు, ఆ రోజే వాడి చేత ఒట్టేయించుకుందంట, తమ్ముడి సంగతి ఎవరి దగ్గరా ఎత్తొద్దని. వాడు ఎత్తలేదు. ఊరంతా వాణ్ణి దొంగన్నా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఏడుస్తున్నానా... లేదులే. నీ ఫోన్ మోగుతుంది చూడు. మీ నాన్నేనా? ఎత్తు. నేను నిద్రపోతున్నానని చెప్పు.