రోజుకు నాలుగు నిమిషాలు

తొంభై ఎనిమిది నవంబరు. భీమవరం దగ్గర ఒక కాలేజీ మేడ మీద, కేబుల్ వాళ్లు పారేసిన డిష్‌తో కట్టిన రేడియో టెలిస్కోపు పక్కన ప్రిన్సిపాలూ, ఫిజిక్స్ మేడమూ నిలబడి ఉన్నారు.

“సాయంత్రానికల్లా దీన్ని విప్పించెయ్యండమ్మా. ప్రెసిడెంటుగారు కాలేజీ కమిటీ మీటింగులో నవ్వారు.”

“ఎందుకండి?”

“ఆకాశం నుంచి వస్తోందని మీరంటున్న చప్పుడు ఆయన రొయ్యల చెరువు మోటారుదేనట.”

“ఆ మోటారు రోజూ ఎన్నింటికేస్తారండి?”

“ఠంచనుగా సాయంత్రం నాలుగింటికి.”

“మొదటిరోజు మాకూ నాలుగింటికే వినపడింది. మర్నాడు నాలుగు నిమిషాలు ముందొచ్చింది. ఆ మర్నాడు ఇంకో నాలుగు. నలభై రోజులయ్యేసరికి, ఇవాళ ఒంటిగంటా ఇరవై నాలుగుకి వచ్చింది. నక్షత్రాలే అలా రోజూ నాలుగు నిమిషాలు ముందొస్తాయండి. మోటార్లకి ఆ అలవాటు లేదు.”

“ఆయనతో నేను వాదించలేనమ్మా. విప్పెయ్యండి.”

“అయితే ఆర్డరు రాసివ్వండి. కారణం దగ్గర రొయ్యల మోటారనే రాయండి. దాని పక్కనే నా నలభై రోజుల టైములూ నోటీసుబోర్డులో పెడతాను.”

ప్రిన్సిపాలు డిష్ వైపు చూశారు.

“రేపు ఎన్నింటికొస్తుంది?”

“ఒంటిగంటా ఇరవైకి. వచ్చి వినండి. ఆర్డరు ఒకటిన్నరకి ఇద్దురుగాని.”